వెర్లిన్ స్టకీ చేతి తూటా

మా కౌంటీలో ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఏదైనా అడిగి తెచ్చుకుంటారు. ట్రాక్టరు, నిచ్చెన, పొట్టేలు, ఆఖరికి చనిపోయిన మామగారి కోటు కూడా. ఒక్క ఇంట్లో చేసిన తూటా మాత్రం ఎవరూ అడగరు, ఇస్తే పుచ్చుకోరు. ఎవడి తూటాలు వాడు తన షెడ్డులో చేసుకోవాలి, వాడే కాల్చుకోవాలి. ఇంకొకడు చేసినదాన్ని మన తుపాకీలో పెట్టుకుని దానికి చెంప ఆనించడమంటే, ముక్కూ మొహం తెలియనివాడు వండిన పుట్టగొడుగుల కూర తినడమే.

ఈ కట్టుబాటుకి కౌంటీ మొత్తమ్మీద ఒకే ఒక్క మినహాయింపు ఉండేది. ఆయన మా బావ వెర్లిన్ స్టకీ, మా అక్క నడీన్ మొగుడు. ఆయన చేసిన తూటాలు పాస్టరు దగ్గర్నుంచి మేకలు పెంచే ట్రిని ఒలివారెస్ దాకా అందరి తుపాకుల్లోనూ ఉండేవి.

బావ ముప్ఫై నాలుగేళ్ళు కరెంటు సహకార సంఘంలో మీటర్లు చూసే ఉద్యోగం చేశాడు. ఆ ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క అంకె తప్పు రాయలేదని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. మీటరులో ఉన్న అంకె మీటరులోనే ఉంటుంది, చూసి రాయడానికి ఏం ప్రతిభ కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పొట్టి మనిషి. పొట్ట జారిపోకుండా ఎర్ర పట్టీలు వేసి ప్యాంటుతో కలిపి బిగించేవాడు. రెండు చెవులూ సగం పనిచేసేవి. కుర్రతనంలో చెవుల్లో దూది కూడా పెట్టుకోకుండా కాల్చిన ఘనత అది.

పేలిన తర్వాత తుపాకీలోంచి బయటపడే ఇత్తడి గొట్టాన్ని మామూలు మనుషులు పట్టించుకోరు. బావ లాంటివాళ్ళకి అదే బంగారం. దాన్ని ఏరుకొచ్చి, కడిగి, ఆరబెట్టి, ప్రెస్సులో నొక్కి ఆకారం సరిచేసి, అడుగున నిప్పు రాజేసే చిన్న ప్రైమరు బిళ్ళ గుచ్చి, కొలిచి మందు పోసి, మూతికి గుండు బిగిస్తే మళ్ళీ తూటా తయారు. ఇంతే పని. దీనికోసం మా అక్క కుట్టుమిషను గది పోయింది. పీచ్ పళ్ళ ముక్కలు ఎండబెట్టుకునే ఆమె యంత్రంలో ఇత్తడి గొట్టాలు చేరాయి. ఆ ఏడాది పీచ్ ముక్కలు తిన్నవాళ్ళం అందరం నాలుక మీద చిల్లర నాణెం పెట్టుకున్నట్టు మొహాలు పెట్టాం. ఆఖరికి ఆమె గోళ్ళరంగు కూడా వదల్లేదు. ప్రైమరు చుట్టూ తడి చేరకుండా గోళ్ళరంగుతో ఒక గీత గీసేవాడు, ఏడాదికొక రంగు. ఆ రంగు చూస్తే తూటా ఎప్పటిదో చెప్పెయ్యొచ్చు.

గొట్టాలు ఏరడంలో ఆయనకి సమయం, సందర్భం ఉండేవి కావు. పాత సైనికుడు ఒకాయన పోతే శ్మశానంలో ఏడుగురు సిపాయిలు మూడుసార్లు గాల్లోకి కాల్చారు. ఆయన భార్య వెక్కివెక్కి ఏడుస్తోంది. బావ మెల్లగా మోకాళ్ళ మీదికి దిగాడు. పాస్టరు కెండల్ అది చూసి, ప్రార్థనకి కాబోలనుకుని తనూ మోకరిల్లాడు. పాస్టరు మోకరిల్లాక ఊరు నిలబడుతుందా? నూట ఇరవైమందీ గడ్డిలో మోకాళ్ళ మీద ఉన్నారు. ఆ ప్రశాంతతలో బావ జేబు గలగలమంది. ఆనవాయితీగా జెండా మడతలో పెట్టి భార్యకిచ్చే మూడూ వదిలేసి, మిగతా పద్దెనిమిదీ ఏరాడు. అవి ఉత్తుత్తి తూటాల గొట్టాలు, ఆయనకి దేనికీ పనికిరావు. "మరెందుకేరావు బావా?" అంటే "చెయ్యి ఆగలేదురా" అన్నాడు. అక్క వారం రోజులు మాట్లాడలేదు.

తూటాలకి ఆయన డబ్బు పుచ్చుకునేవాడు కాదు. కాల్చాక గొట్టాలు తిరిగివ్వాలి, అదే షరతు. పిండివంటలు పంపిన గిన్నె తిరిగిచ్చినట్టు జనం డబ్బాల్లో పోసి తెచ్చిచ్చేవాళ్ళు. నేను మాత్రం ఒక్కటీ తిరిగివ్వలేదు. "గడ్డిలో పోయాయి బావా, వాగులో పడ్డాయి బావా" అనేవాణ్ణి. "ఒరే హోయట్, నీకివ్వడం కంటే ఆ వాగుకే ఇవ్వడం నయంరా!" అని తిట్టి మళ్ళీ నాకే మొదటి పెట్టె ఇచ్చేవాడు. పెళ్ళాం తమ్ముణ్ణి కదా.

ఇలా ఉండగా చెవుల డాక్టరమ్మ, ఇంకో రెండేళ్ళు ఇదే మోత మోగిస్తే ఉన్న సగం కూడా పోతుందని చెప్పింది. తుపాకీ మానెయ్యమంది అక్క. మానలేనన్నాడు బావ. చివరికి ఇద్దరూ సైలెన్సరు దగ్గర రాజీపడ్డారు. మేము దాన్ని డబ్బా అంటాం. సినిమాల్లోలాగా ఊదినంత చప్పుడేమీ రాదు, అవన్నీ వట్టి కోతలు. చెవిలో మేకు దిగినట్టుండే మోత కాస్తా, గట్టిగా తలుపు వేసినంత అవుతుంది. దానికోసం కాగితాలు, ఫొటోలు, పది వేళ్ళ ముద్రలు, ప్రభుత్వంవారి అనుమతికి తొమ్మిది నెలల ఎదురుచూపు.

"తొమ్మిది నెలలేంటండీ, కంటారా ఏంటి?" అంది అక్క.

"పుట్టాక నువ్వే ముద్దుచేస్తావులే" అన్నాడు బావ.

పుట్టింది. ఆయనది సెమీ ఆటోమేటిక్ రైఫిల్. మీట నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలి, ఆ పేలుడు ఊపుతోనే ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరేసి, తర్వాతి తూటాని తనే లోపలికి లాక్కుంటుంది. మూతికి డబ్బా బిగించేసరికి ముందుకి పోవాల్సిన పొగంతా వెనక్కి తిరిగి బావ ముక్కులో దూరింది. తొలి కాల్పుకి కళ్ళలోంచి ధారలు. "ఏడుస్తున్నావా బావా?" అంటే "నీ మొహం, పొగ" అన్నాడు. పైగా తుపాకీకి ఊపెక్కువై, అడుగు దూరంలో పడే గొట్టాలు ఇరవై అడుగుల అవతల నాగజెముడు పొదలో పడ్డాయి. ఆయన వాటికోసం దూరాడు. తర్వాత గంటసేపు అక్క పట్టకారుతో ఆయన వెనకభాగంలోంచి ముళ్ళు పీకింది, నేను లైటు పట్టుకున్నాను. నా జీవితంలో అంతకంటే హీనమైన గంట లేదు. అయినా బావ వదల్లేదు. మూడు వారాలు మందు కొలతలు మార్చి మార్చి, డబ్బాతో కూడా తుపాకీ మర్యాదగా నడిచే తూటా తయారుచేశాడు. ఆయన్ని చూసి కౌంటీలో సగంమంది డబ్బాలు కొన్నారు. ఇళ్ళ పక్కనే వేరుశనగ చేలు, చేలల్లో అడవి పందులు. మోత తగ్గితే కుక్కలూ మేకలూ బెదరవు.

ఏటా అక్టోబరులో చర్చివాళ్ళు పందుల వేట పెడతారు. శనివారం పొద్దున్న కాల్పులు, మధ్యాహ్నం భోజనాలు. ఆ ఏడు ఒలివారెస్ వచ్చి, "అన్నా, ఇప్పుడందరికీ డబ్బాలున్నాయి. నీ కొత్త రకం మాకందరికీ చేసిపెట్టవా?" అని అడిగాడు. బావ ఆరువందలు చేశాడు. ఇరవైవి ముప్ఫై పెట్టెలు, పదిమందికి పంచాడు. గురువారానికల్లా అన్నీ ఇళ్ళకి చేరిపోయాయి.

శుక్రవారం పొద్దున్న వాళ్ళింట్లో బిస్కెట్లనే మెత్తటి రొట్టెలూ గ్రేవీ తింటున్నాం. అక్క సొరుగులోంచి చిన్న టార్చిలైటు తీసి పొయ్యి కింద ఎలుకని వెతుకుతోంది.

బావ నమలడం ఆపాడు. "ఆ లైటు నీ దగ్గరికెప్పుడొచ్చింది?"

"బుధవారం. హోయట్ వచ్చి బ్రిస్కెట్ మాంసం ఎన్ని గంటలు కాల్చాలో మీతో వాదిస్తున్నాడుగా, అప్పుడు మీ బల్ల మీద నుంచి తెచ్చా."

బావ గిన్నె పక్కకి నెట్టాడు. ఆయన మొహం అలా పాలిపోవడం నేను అంతవరకూ చూడలేదు.

ఎందుకో చెప్తాను. యాభై గుంటలున్న చెక్కలో యాభై గొట్టాలు నిలబెట్టి వరసగా మందు పోస్తాడు. పోశాక, గుండ్లు బిగించే ముందు, ఆ లైటుతో ఒక్కొక్క గొట్టంలోకీ వంగి చూస్తాడు. పోయడం మర్చిపోయిందేమైనా ఉందా, రెండుసార్లు పోసింది ఉందా అని. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క చెక్కనీ చూడకుండా వదల్లేదు. బుధవారం నేను వెళ్ళేటప్పటికి ఆఖరి చెక్కకి మందు పోస్తున్నాడు. వినపడదని భుజం తట్టాను. పావుగంట వాదించాను. నేను వెళ్ళాక ఆయన కూర్చుని గుండ్లు బిగించేశాడు. లైటు బల్ల మీద లేదు. లేదన్న సంగతి కూడా ఆయన గమనించలేదు.

"ఆ యాభైనీ మిగతావాటితో కలిపి తుడిచి పెట్టెల్లో సర్దేశాను" అన్నాడు. "ఏవి ఎవరికి పోయాయో తెలీదు."

"తూకం వేసి చూస్తే?" అన్నాను.

"గొట్టం గొట్టానికే బరువు తేడా ఉంటుందిరా. మందు లేకపోయినా ఆ తేడాలో కలిసిపోతుంది."

"పోనీ బావా, యాభైలో ఒకటి ఖాళీగా ఉంటే మాత్రం ఏమైంది? పేలదు. అంతేగా?"

"అంతే కాదు" అన్నాడు. "మందు లేకపోయినా ప్రైమరు గుండుని కాస్త ముందుకి నెట్టి తుపాకీ గొట్టం మధ్యలో ఇరికిస్తుంది. ఇదివరకైతే టప్పున చప్పుడు తేడాగా వచ్చేది, ఆగిపోయేవాళ్ళం. ఇప్పుడు డబ్బా ఉందిగా, టిక్కుమంటుంది. పేలలేదనుకుని చేత్తో లాగి ఇంకోటి ఎక్కిస్తాడు. ఎదురుగా పంది ఉంటే ఎవడు లోపలికి తొంగి చూస్తాడు? రెండోది వెళ్ళి ఇరుక్కున్నదాన్ని గుద్దుతుంది, తుపాకీ పగిలిపోతుంది. ట్రిని ఒలివారెస్ చెంప సరిగ్గా అక్కడే ఉంటుంది."

అక్క లేచి ఆయన టోపీ తెచ్చి చేతికిచ్చింది. "వెళ్ళి తెచ్చేసుకోండి" అంది.

ఫోను చెయ్యొచ్చుగా అన్నాను. ఫోను చేస్తే సరేనని పెట్టేసి, రేపు పొద్దున్న మర్చిపోయి కాలుస్తారు, పెట్టె చేతికొస్తేనే లెక్క అన్నాడు. అసలు సంగతి నాకు తెలుసు. ఇన్నేళ్ళ పరువు, వెళ్ళి ఎదురుగా నిలబడి పోగొట్టుకుంటేనే ఆయనకి తృప్తి.

నా పికప్పులో బయల్దేరాం. పాస్టరు కెండల్ చర్చి గేటు దగ్గరే కనిపించాడు. బావ సంగతి చెప్పాడు. పాస్టరు నవ్వి, "వెర్లిన్, దేవుడు చూసుకుంటాడయ్యా, కంగారుపడకు" అన్నాడు.

"పాస్టరుగారూ, మందు పోసింది దేవుడు కాదు, నేను. పెట్టెలివ్వండి."

పాస్టరు నవ్వు ఆపి లోపలికి వెళ్ళి మూడు పెట్టెలూ తెచ్చాడు. అందులో ఒకటి విప్పి ఉంది. ఎన్ని కాల్చారని బావ అడిగితే, ఏమీ లేదు, వాసన చూశానంతే అన్నాడు. దైవసేవకుడు కాబట్టి నమ్మాం.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాం. ప్రతిచోటా బావ అదే మాట, అదే పొట్టి వాక్యం: "నా పని మీద నాకు అనుమానం వచ్చింది, తిరిగివ్వండి." కొందరు వీపు తట్టారు. కొందరు ఇచ్చేటప్పుడు ఆయన కళ్ళలోకి చూడలేదు. ఒకాయనైతే, వయసైపోతోంది కదా వెర్లిన్ అన్నాడు. నాకు వాడి మూతి పగలగొట్టాలనిపించింది. బావ మాత్రం "అవును" అని పెట్టె తీసుకున్నాడు. ప్రతి ఇంటి దగ్గరా ఆయన కొంచెం కొంచెం పొట్టివాడైపోతున్నట్టుంది నాకు.

ఒలివారెస్ ఇంట్లో లేడు. తుపాకీ గురి సరిచూసుకోవడానికి వెనక పొలంలోకి వెళ్ళాడని వాళ్ళావిడ చెప్పింది. బావ ఎంత బరువున్నవాడో, సర్కారు తుమ్మ పొదల మధ్య అంత పరుగెత్తాడు. నేను వెనకాల. "ఏం వినిపిస్తోంది? చెప్పరా, నాకు వినబడట్లేదు!" అని అరుస్తున్నాడు. తలుపు వేసినట్టు ఒక చప్పుడు వినిపించింది. ఆగి, ఇంకొకటి. "పేలుతున్నాయి బావా, మంచివే" అన్నాను. మూడోది రాలేదు. రాలేదని బావకి చెప్పకుండా పరుగెత్తాను. పొద దాటేసరికి ఒలివారెస్ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని టాకో తింటున్నాడు.

"ఏంటన్నా, పంది తరుముతోందా?" అన్నాడు.

బావ ఆయాసపడుతూనే సంగతంతా చెప్పాడు. అది విన్నాక ఒలివారెస్ నమలడం మాని, మిగిలిన పెట్టెలన్నీ తెచ్చి పికప్పులో తనే పెట్టాడు. "పదిహేనేళ్ళుగా నీవే కాలుస్తున్నానన్నా" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి జాబితాలో ఒక్క పేరే మిగిలింది. నాది.

"నేను రేపు తెచ్చిస్తాలే బావా" అన్నాను.

"అందరి దగ్గరా తీసుకుని నీ దగ్గర వదిలేస్తానా? పద."

తప్పించుకోవడానికి ఏమేం చెప్పానో రాస్తే సిగ్గుచేటు. తాళంచెవి పోయిందన్నాను, అల్మారాలో పాము దూరిందన్నాను. బావ నన్ను పక్కకి తోసి తలుపు తీశాడు. మూడు పెట్టెలు కాదు. అడుగు నుంచి పై అర దాకా, అరవై ఒక్క పెట్టెలు. ఆయన నాకు ఇచ్చిన ప్రతి తూటా అందులో ఉంది. గడ్డిలో పోలేదు, వాగులో పడలేదు. నేను ఒక్కటీ కాల్చలేదు. కొట్లో కొన్నవే కాల్చాను, ఇన్నేళ్ళూ.

బావ ఒక్కొక్క పెట్టె తెరిచి అడుగున గోళ్ళరంగు చూశాడు. గులాబీది. వంకాయరంగుది. అక్క పాతికేళ్ళ పెళ్ళిరోజుకి కొనుక్కున్న ఎరుపు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. నమ్మలేదని చెప్పడానికి ధైర్యం లేక, నవ్వుతూ తీసుకున్నాను. ఊరందరి చెంపలూ నిశ్చింతగా ఆయన తూటాల మీద ఆనుతుంటే, సొంత బామ్మర్ది చెంప ఒక్కటే దూరంగా ఉంది.

"కౌంటీలో బుద్ధున్నవాడివి నువ్వొక్కడివేరా" అన్నాడు. వెటకారం కాదు. వెటకారమైతే భరించేవాణ్ణి.

మరునాడు వేట కొట్లో కొన్న తూటాలతో జరిగింది. పందులకి తేడా తెలియలేదు. మేమిద్దరం వెళ్ళలేదు. సుత్తి ఆకారపు పనిముట్టు ఒకటుంది, తూటాని అందులో బిగించి నేలకేసి కొడితే గుండూ మందూ ఊడి బయటికొస్తాయి. ఒలివారెస్ గురి చూసుకోవడానికి పేల్చేసిన ఎనిమిదీ పోను ఆ ఆరువందల్లో మిగతావన్నీ అలా ఒక్కొక్కటీ విప్పాం. మూడు రోజులు పట్టింది. మొదట్లో ప్రతి తూటాకీ మందు జరజరా రాలుతుంటే, "చూశావా బావా, అనవసరంగా ఊరంతా చాటుకున్నావు" అని నేను వెక్కిరించాను. సోమవారం మధ్యాహ్నం ఒకటి కొట్టాను. గుండు పడింది. దాని వెనక ఏమీ పడలేదు. మళ్ళీ కొట్టాను. గొట్టం వేలు మీద బోర్లించాను. ఏమీ లేదు.

అది పాస్టరు విప్పి వాసన చూసిన పెట్టెలోది.

బావ దాన్ని తీసుకుని చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత ప్రెస్సు మీద అక్క పాత దుప్పటి కప్పాడు. "ఈ గది మీ అక్కకిచ్చెయ్" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు, నా మీదే అనుకుంటాను. ఇంటికెళ్ళి అల్మారాలోంచి చేతికందిన పెట్టె తీశాను, వంకాయరంగుది. తుపాకీ తీసుకుని తిరిగొచ్చి ఆయన్ని పెరట్లోకి లాక్కొచ్చాను.

"వద్దురా" అన్నాడు. "ఇప్పుడెందుకు?"

"నా తుపాకీకి నీ డబ్బా బిగించు, నీ చెవులకి మంచిది. అది నీ పేరు మీదుంది, నువ్వు పక్కన లేకుండా నేను ముట్టుకుంటే జైల్లో వేస్తారు. బిగించి పక్కన నిలబడు."

"హోయట్, ఇందాకే ఒకటి ఖాళీది దొరికిందిరా. నీ కళ్ళతో చూశావు."

"ఎలా దొరికింది? నువ్వు ఊరంతా తిరిగి తెచ్చుకుంటేనేగా దొరికింది! కొట్లోవాడు నా ఇంటికొచ్చి తప్పయిందంటాడా? బిగించు."

ఆయన బిగించాడు. నేను పడుకుని చెంప ఆనించాను. గొప్పలు చెప్పుకోను, చెమటతో కళ్ళు కనబడలేదు. మొదటిది పేలింది. కొండంత ధైర్యం వస్తుందనుకున్నాను, రాలేదు. రెండోదానికీ అంతే భయం, పదోదానికీ అంతే. ప్రతి కాల్పు తర్వాతా ఆగి గురిచెక్కలో కొత్త చిల్లు పడిందో లేదో చూసుకుని, తర్వాతే ఇంకోటి కాల్చాను. ఇరవయ్యీ అయ్యాయి. లేచి చూస్తే బావ గురిచెక్క వైపు చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు.

"భయమేసిందా?" అన్నాడు.

"ఇరవైసార్లు."

ఆయన తల ఊపాడు. "నాకూ అంతేరా. ఇరవై ఆరేళ్ళుగా, చేసిన ప్రతి తూటాకీ భయమే. బుధవారం ఒక్కరోజే భయం వెయ్యలేదు."